అర టన్ను

చీమకుర్తి దాటినాక ఒంగోలు రోడ్డు మీద
మా కాటా.
రాత్రి పదింటి నుంచి పొద్దున ఆరింటి దాకా
కుర్చీ నాది, కంప్యూటర్ నాది, దోమలు నావి.
క్వారీ దిగిన నల్లబండ
ఒంటి మీద ఎర్రరంగు నంబరుతో
లారీలో పెద్దమనిషిలా కూచుని వస్తుంది.
లైటు పడితే లోపల బంగారు నలుసులు.

రసీదు కొట్టే ప్రోగ్రాం నేనే రాశా,
డబ్బు కట్టక్కర్లేని ఒక భాషలో.
ఎవరిదీ కాదంటారు, అందరిదీ అంటారు.
నాకు మాత్రం ఓనరు చేత లైసెన్సు కొనిపించే బాధ తప్పింది.

పెంచలయ్య రెండు రసీదులు బల్ల మీద పరిచాడు.
"నిన్న ఇరవై మూడున్నరని ఇరవై నాలుగు చేశావు.
ఈ పొద్దు ఇరవై రెండున్నరని ఇరవై రెండే చేశావు.
ఏందబ్బయా, నీ మిషను తాగొచ్చిందా?
నా అర టన్ను బాడుగ ఎవరు మింగారు?"

చూశా. మళ్లీ చూశా.
నా తప్పు కాదు, భాషే అట్ట లెక్కేస్తోంది.

ఆ భాషకి తప్పులు రాసుకునే ఖాతా ఒకటుంది.
ఎవరైనా తెరవచ్చు, ఎవరైనా తిట్టొచ్చు.
నాకొచ్చిన ఇంగ్లీషులో కోపంగా రాశా:
సగం ఒకసారి పైకి, ఒకసారి కిందకి, ఇదేం న్యాయం?

తెల్లారేలోపు జవాబు.
మంచు పడే ఊళ్లో ఎవరో హెల్మి.
తప్పు కాదంది, కావాలనే చేశామంది.
సగం వచ్చినప్పుడల్లా పైకే తోస్తే
లక్ష రసీదులు కూడేసరికి
మొత్తం ఒకవైపే ఒరుగుతుందట,
అందుకని సరిసంఖ్య ఎటుంటే అటు.
కింద ముద్ర: మూసివేశాం.

టీకొట్టు దగ్గర పెంచలయ్యకి చెప్పా.
గ్లాసు కింద పెట్టకుండానే విన్నాడు.
"మా అమ్మ ఉలవపాడులో మామిడికాయలు తూచేది.
ముల్లు నడిమధ్యన ఆగితే
ఒకరికి కాయ వేసేది, ఒకరికి తీసేది.
కాకపోతే, తీసేటప్పుడు మొహమ్మీదే చెప్పేది.
మీవాళ్లు చెప్పి చెయ్యొచ్చుగా?"

మూసింది మళ్లీ తెరిచా.
సరే, తప్పు కాదు. మరి ఎక్కడ రాసుంది?
ఎక్కడా లేదు, ఒప్పుకుంది హెల్మి. నువ్వే రాయి.

మూడు వాక్యాలు. నాలుగు నెలలు.
ఇది అందరికీ తెలిసిందే, అనవసరం అన్నాడొకడు.
మైనస్ రెండున్నర సంగతేంటి అన్నాడింకొకడు.
మైనస్ బరువున్న బండ
నేనెప్పుడూ కాటా ఎక్కించలేదు.
'సాధారణంగా' అన్న ఒక్క మాట మీద పదకొండు రోజులు.
చివరికి హెల్మి ఒక కామా జరిపింది,
నా వాక్యాలు పుస్తకంలోకి వెళ్లాయి.

మా రసీదులో మాత్రం సవరింపే తీసేశా.
ఇరవై రెండు, చుక్క, ఐదు.
పెంచలయ్య అర టన్ను పెంచలయ్యదే.

ఆ తర్వాత నా దారిన నేను పోవాల్సింది.
పోలేదు.
లారీకీ లారీకీ మధ్య ఇప్పుడు
ఎవరెవరి తప్పులో చదువుతుంటా.
'పని చెయ్యట్లేదు' అని రాసి పోతారు కొందరు.
ఏ వెర్షను, ఏం చేశావు,
ఏం రావాలి, ఏం వచ్చింది?
ఆరెంపీ డాక్టరు నాలుక చూపించమన్నట్టు అడుగుతా.
ఏడేళ్ల నాటిదొకటి ఉంది.
ఇప్పటికీ ఇట్టాగే జరుగుతోందా అని అడిగా.
రాసిన మనిషి పలకలేదు.
ఆ ఈమెయిలే లేదని తిరిగొచ్చింది.
నియమం ప్రకారం మూసెయ్యాలి.
నాకు చెయ్యి రాలేదు.

నిన్న రాత్రి రెండింటప్పుడు ఎవరో కుర్రాడు, కొత్త పేరు:
మీ భాష తాగుందా?
రెండున్నర రెండెట్టయింది?

జవాబు మొదలుపెట్టానో లేదో
కృష్ణపట్నం పోయే బండి కాటా ఎక్కింది.
లారీ ఆగినా అంకె ఆగదు,
కాసేపు పైకీ కిందకీ వణుకుతుంది.
మామిడికాయల సంగతి
ఇంగ్లీషులో ఎట్ట రాయాలా అనుకుంటా
అది నిలబడేదాకా చూస్తూ కూచున్నా.